తన రొద దాటి వినడం



ఈ రోజుల్లో ఏ పెళ్ళి వీడియో పెట్టి చూసినా పైనుంచి తీసిన దృశ్యం ఒకటైనా ఉంటుంది. కల్యాణ మండపం, సీరియల్ లైట్లు, వరసగా ఆగిన కార్లు, ఊరేగింపులో పెళ్ళికొడుకు తలపాగా, వెనకాల సన్నాయి మేళం. చూడముచ్చటగానే ఉంటుంది. కాని ఆ సన్నాయి డ్రోన్ విన్నది కాదు. కింద ఎవరో విడిగా రికార్డు చేసిందో, ఎడిటింగులో అతికించిందో అయివుంటుంది. మన ఫొటోగ్రాఫర్లు ఎగరేసే మామూలు కెమెరా డ్రోనులో మైకే ఉండదు. టీవీలో ఆకాశం నుంచి చూపించే కొంగల గుంపులకీ ఏనుగుల మందలకీ కూడా చాలాసార్లు చప్పుడు తర్వాత చేర్చిందే.

కళ్ళు అంత చురుగ్గా ఉన్న యంత్రానికి చెవులెందుకు పెట్టలేదు? తయారుచేసేవాళ్ళ పిసినారితనం మాత్రం కాదు. సెల్‌ఫోనులో ఉండే మైకు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, బరువు లెక్కలోకి రాదు, ఖరీదూ పెద్దది కాదు. నిక్షేపంగా పెట్టొచ్చు. పెడితే అందులో పడేది మాత్రం ఆ డ్రోన్ రొద ఒక్కటే.

ఈ చిక్కు విప్పడానికి జపాన్, జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల పరిశోధకులు పది పదిహేనేళ్ళుగా తంటాలు పడుతున్నారు. రేడియో వాళ్ళకి, అంటే చెవినే నమ్ముకుని బతికేవాళ్ళకి, ఇంతకంటే ఆసక్తికరమైన పని ఇంకొకటి కనిపించదు. అందుకే ఈ పూట దాని గురించి.

ముందు చిక్కు ఎంతటిదో లెక్కేసి చూద్దాం. ఒక మనిషి గొంతు చించుకుని అరిచాడనుకోండి. మీటరు దూరంలో ఆ అరుపు దాదాపు 85 డెసిబెల్స్ ఉంటుంది. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండు మీటర్ల దగ్గర 79, నాలుగు దగ్గర 73, ఎనిమిది దగ్గర 67. అలా 32 మీటర్ల ఎత్తుకి చేరేసరికి మిగిలేది 55. ఇక తిరుగుతున్న రెక్కల పక్కనే ఉన్న మైకుకి ఆ రెక్కల చప్పుడు 90, 95 డెసిబెల్స్ తగులుతూ ఉంటుంది. తేడా 40 డెసిబెల్స్ దాకా. డెసిబెల్ అనేది మామూలు కూడికల లెక్క కాదు. 40 డెసిబెల్స్ తేడా అంటే శక్తిలో పదివేల రెట్లు. నడుస్తున్న పిండిమర తొట్టికి చెవి ఆనించి, వీధి చివర ఎవరో పిలుస్తున్న పిలుపు వినమన్నట్టుంది పరిస్థితి.

మరి ఇది సాధ్యమేనని పరిశోధకులు ఎందుకు నమ్మారు? ఆ రొదకి ఒక పద్ధతి ఉంది కనక.

డ్రోన్ శబ్దంలో మనకి ముందు వినిపించే 'జుయ్' మన్న మోత రెక్కల లెక్కని బట్టి వస్తుంది. ఒక్కో ఫ్యానుకి సాధారణంగా రెండు రెక్కలు. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకి 100 చుట్లు. రెండు రెక్కలు కాబట్టి గాలి సెకనుకి 200 దెబ్బలు తింటుంది. మనకి వినబడేది 200 హెర్ట్జ్ స్వరం. దాని మీద రెట్టింపులు, మూడు రెట్లు, నాలుగు రెట్లు: 400, 600, 800, ఇలా మెట్లు మెట్లుగా పైకి పోతుంది. మోటారు వేగం తెలిస్తే ఆ మెట్లు ఎక్కడెక్కడ ఉంటాయో కాగితం మీద ముందే గీసిపెట్టొచ్చు.

ఇది మీ చెవులతోనే పరీక్ష చేసుకోవచ్చు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు వరికీ మిర్చికీ పత్తికీ డ్రోనుతో మందు కొట్టించడం మామూలైపోయింది. మీ చేలో కొట్టేటప్పుడు గట్టు మీద నిలబడి, చూడ్డం మానేసి కాసేపు వినండి. పది లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు లేచిన స్వరం, ట్యాంకు ఖాళీ అయి దిగబోయేటప్పటి స్వరం ఒకటి కావు. ఎందుకంటే, మందుతో కలిపి పాతిక కిలోలు ఉన్న యంత్రం మందంతా కొట్టేశాక పదిహేను కిలోలే ఉంటుంది. మోయాల్సిన బరువు తగ్గితే మోటార్లు నెమ్మదిస్తాయి. రెక్క ఎత్తే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి బరువు అరవై శాతానికి దిగితే వేగం డెబ్బై ఏడు శాతానికి దిగుతుంది, దాంతోపాటే శ్రుతీ దిగుతుంది. సంగీతం తెలిసినవాళ్ళకి చెప్పాలంటే, షడ్జమం నుంచి గాంధారానికీ మధ్యమానికీ నడిమి దాకా ఎంత ఎడం ఉంటుందో అంత కిందికి వస్తుంది. ట్యాంకులో మందు ఎంత మిగిలిందో చెవి చెప్పేస్తుందన్న మాట. ఆ డ్రోన్ నడిపే కుర్రాళ్ళలో కొందరు తెర చూడకుండానే ఈ సంగతి పసిగట్టడంలో ఆశ్చర్యం లేదు. పాత రోజుల్లో నూనె ఇంజను మోత విని బావిలో నీళ్ళు దిగిపోయాయో లేదో చెప్పిన రైతుల మనవలు వీళ్ళు.

ఈ రెక్కల లెక్క భూమ్మీదే కాదు, అంగారకుడి మీదా సరిపోయింది. 2021 ఏప్రిల్ 30న నాసావారి ఇంజెన్యూటీ హెలికాప్టర్ అక్కడ నాలుగోసారి ఎగిరినప్పుడు, 80 మీటర్ల దూరంలో నిలబడి ఉన్న పర్సెవరెన్స్ రోవర్ తన మైకుతో ఆ చప్పుడు పట్టుకుంది. రెక్కలు నిమిషానికి 2537 చుట్లు తిరుగుతున్నాయి. అరవైతో భాగించి రెండుతో హెచ్చవేయండి, 84 పైచిలుకు వస్తుంది. రికార్డింగులో దొరికిన స్వరం సరిగ్గా 84 హెర్ట్జ్. అంగారకుడి పల్చటి గాలిలో అంత దూరం నుంచి అది వినిపిస్తుందని శాస్త్రజ్ఞులు కూడా అనుకోలేదట. ఆ హెలికాప్టర్‌కి చీఫ్ ఇంజనీరు బాబ్ బలరామ్. మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలోనూ, తర్వాత మద్రాసు ఐఐటీలోనూ చదువుకున్న మనిషి. ఇది దారి మళ్ళిన మాటే అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

మళ్ళీ మన డ్రోన్ దగ్గరికి వద్దాం. స్వరం ఒకటే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. నాలుగు మోటార్లు ఎప్పుడూ ఒకే వేగంతో తిరగవు. చిన్న గాలి తోసినా తూలిపోకుండా ఒకటి పుంజుకుంటుంది, ఇంకొకటి తగ్గుతుంది. నాలుగు స్వరాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అలలు అలలుగా ఊగుతాయి. తంబురా తీగలు సరిగ్గా కలవనప్పుడు వచ్చే ఆ ఊపు మీకు తెలిసే ఉంటుంది. దానికి తోడు మోటారులోంచి సన్నటి కీచు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది గాలి. రెక్కలు కిందికి తోసే గాలి మైకు మీద పడితే అది శబ్దం కూడా కాదు, వట్టి తోపు. మైకు పొర దానికి అదిరి బుస్సుమంటుంది. సభల్లో మైకు దగ్గర నోరు పెట్టి ఊదేవాళ్ళని చూశాం కదా, అదే. స్వరాన్ని లెక్కగట్టి తీసెయ్యొచ్చు గాని, ఈ బుసకి శ్రుతీ లేదు, తాళమూ లేదు. కొన్నిసార్లు మైకు ఓర్చుకునే హద్దు కూడా దాటిపోతుంది. హద్దు దాటి విరిగిపోయిన ధ్వనిలోంచి తర్వాత ఏ కంప్యూటరూ ఏమీ వెలికి తీయలేదు.

అందుచేత మొదటి వైద్యం కంప్యూటర్‌ది కాదు, వడ్రంగిది. మైకుని ఎక్కడ పెట్టాలి? రెక్కల కింద పెడితే గాలి కొడుతుంది. నడిమధ్యన పెడితే నాలుగు వైపుల నుంచీ మోత. పొడుగాటి కడ్డీ కట్టి పక్కకి జరిపితే కొంత నయం, కాని తూకం చెడుతుంది, కడ్డీ అదురు మైకుకి పాకుతుంది. ఇందులో నాకు బాగా నచ్చిన ఉపాయం అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్ కాలేజీవాళ్ళది. వాళ్ళకి కావలసింది అడవి పిట్టల లెక్క. పిట్టని చూసి లెక్కపెట్టడం కష్టం, కూత విని పోల్చుకోవడం తేలిక. మనుషులు ఎక్కలేని కొండవాలుల మీద ఎలా వినాలి? మామూలు డ్రోనుకి చేపలు పట్టే దారం కట్టి, 8 మీటర్ల కింద చిన్న రికార్డరు వేలాడదీశారు. అంతే. అంత దిగువకి వచ్చేసరికి రెక్కల గాలి నీరసిస్తుంది, రొద తగ్గుతుంది, పైగా రికార్డరు పిట్టలకి దగ్గరవుతుంది. 2017లో వాళ్ళు ప్రకటించిన ఫలితాల్లో చాలా జాతుల లెక్క, నేల మీద నిలబడి విన్న మనుషుల లెక్కకి దగ్గరగానే వచ్చింది. తేడా కొట్టిన వాటిలో ఒకటి మోర్నింగ్ డవ్ అనే గువ్వ జాతి పక్షి. మన గువ్వలాగే దాని కూత కూడా లోగొంతుకలో ఉంటుంది. సరిగ్గా డ్రోన్ మోత ఉండే చోటే ఆ కూతా ఉంది. అంటే సన్నగా, పైస్థాయిలో కూసే పిట్ట బయటపడుతుంది, లోగొంతుక పిట్ట రొదలో మునిగిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మనుషుల గొంతుల విషయంలోనూ ఇదే జరుగుతుంది.

పిట్టల కోసమైతే సరే. అసలు డ్రోనుకి చెవులు కావాలన్న పట్టుదల ఎక్కువగా జపాన్‌లో కనిపిస్తుంది. అందుకు వాళ్ళకి కారణం ఉంది. 1995 జనవరి 17 తెల్లవారుజామున కోబె నగరాన్ని భూకంపం కుదిపేసింది. ఆరువేల మందికి పైగా చనిపోయారు. ఆ వేళ కూలిన ఇళ్ళ మీద వార్తాసంస్థల హెలికాప్టర్లు గిరికీలు కొడుతుంటే, శిథిలాల కింద నుంచి పిలుస్తున్నవాళ్ళ గొంతులు వినపడకుండా పోయాయని తర్వాత ఏళ్ళ తరబడి అక్కడ చర్చ జరిగింది. విపత్తు వేళ కొంతసేపు ఆకాశంలోనూ నేల మీదా అంతా నిశ్శబ్దం పాటించాలన్న ఆలోచన అక్కడ బలపడింది. 2017 సెప్టెంబర్ 19న మెక్సికో నగరంలో భూకంపం వచ్చినప్పుడు టీవీలో చూసే ఉంటారు. శిథిలాల గుట్ట మీద ఒకరు పిడికిలి పైకెత్తితే చాలు, ఆ వీధి వీధంతా, యంత్రాలతో సహా ఆగిపోయేది. వందల మంది ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు.

ఇలాంటి చోటికి డ్రోన్ ఎగరేస్తే? కళ్ళకి పనికొస్తుంది, చెవులకి అడ్డమొస్తుంది. వెతకడానికి పంపిన యంత్రమే వెతుకులాటని చెడగొడుతుంది. ఈ పితలాటకం తీర్చాలని కుమమోతో విశ్వవిద్యాలయం, టోక్యో సాంకేతిక సంస్థ, వాసెదా విశ్వవిద్యాలయం కలిసి పనిచేశాయి. 2014లో జపాన్ ప్రభుత్వం మొదలుపెట్టిన పెద్ద విపత్తు-రోబో కార్యక్రమంలో ఇదొక భాగం. వానలోనూ పనిచేసేలా 16 మైకుల గుత్తి ఒకటి తయారుచేసి డ్రోనుకి బిగించారు. శిథిలాల నమూనాలో దాక్కున్న మనిషి పిలిస్తే, ఆ పిలుపు ఎటునుంచి వచ్చిందో కింద తెర మీద పటంలో చుక్క పెట్టి చూపించారు. 2017 డిసెంబర్‌లో ఈ సంగతి ప్రకటించారు.

పదహారు మైకులెందుకు? ఇక్కడే అసలు కిటుకు ఉంది. మనకి రెండు చెవులు ఉన్నది కూడా ఇందుకే. ధ్వని గాలిలో సెకనుకి దాదాపు 345 మీటర్లు పోతుంది. రెండు మైకులు జానెడు దూరంలో ఉన్నాయనుకోండి. కుడివైపు నుంచి వచ్చిన పిలుపు కుడి మైకుని ముందు తాకి, సెకనులో పదహారు వందో వంతు ఆలస్యంగా ఎడమ మైకుకి చేరుతుంది. చెవికి తెలియనంత చిన్న ఆలస్యం, కాని సెకనుకి 16,000 సార్లు కొలిచే రికార్డరులో అది తొమ్మిది పది గడుల తేడా. ఎంత ఆలస్యమో తెలిస్తే ఏ కోణం నుంచో తెలుస్తుంది. ఇక ఏ దిక్కు వినాలనుకుంటున్నామో ఆ దిక్కుకి తగ్గట్టు ఒక్కో మైకు ధ్వనిని కొద్దికొద్దిగా వెనక్కి జరిపి కలిపితే, ఆ దిక్కు నుంచి వచ్చినవి ఒకదానిమీదొకటి పడి బలపడతాయి, తక్కిన దిక్కులవి పొంతన కుదరక సన్నబడతాయి. మెడ తిప్పకుండానే చెవి తిప్పడం అనుకోండి.

అయితే 16 మైకులు కలిపితే, పొంతన లేని రొద మీద వచ్చే లాభం 12 డెసిబెల్స్. మన లోటు 40 అని ఇందాక చెప్పుకున్నాం. మైకులు పెంచుకుంటూ పోతే తీరే లోటు కాదిది. మిగిలింది ఎలా పూడ్చాలంటే, మళ్ళీ రొద దగ్గరికే రావాలి. రెక్కలు మైకులకి ఎప్పుడూ ఒకే దూరంలో, ఒకే దిక్కులో ఉంటాయి. పిలుపులైతే ఎటునుంచైనా వస్తాయి గాని, మోటార్లు చోటు మారవు. ఎవరూ పిలవని వేళ డ్రోన్ చప్పుడు ఒక్కటే పదహారు మైకుల్లో ఎలా పడుతోందో ముందే నేర్పిపెడితే, తర్వాత ఆ మూసలో ఇమిడేదంతా తనదేనని తీసి అవతల పెట్టొచ్చు. మోటార్ల వేగం క్షణక్షణం ఎలా మారుతోందో డ్రోన్ మెదడుకి ఎలాగూ తెలుసు, ఆ లెక్క కూడా కలిపితే మూస ఇంకా కచ్చితంగా కుదురుతుంది. ఈ పనులన్నీ చేసే హార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ని హోండా పరిశోధన సంస్థ, క్యోటో విశ్వవిద్యాలయం కలిసి 2008లోనే బయటపెట్టాయి. మొదట అది నేల మీది రోబోల కోసం చేసింది. గదిలో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరు ఏమన్నారో రోబో విడదీయాలి. అక్కడ నేర్చిన విద్య ఆకాశానికి ఎక్కింది.

జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థకి చెందిన మకరేనా వరేలా బృందం దీన్నే ఇంకో వైపు నుంచి పట్టుకుంది. 2021 జూన్‌లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం సమావేశంలో వాళ్ళు చెప్పింది విన్నవాళ్ళకి ఒక్క క్షణం ఒళ్ళు జలదరించి ఉంటుంది. వాళ్ళు పోగుచేసిన ధ్వనుల్లో మాటలు లేవు. అరుపులు, తట్టడాలు, తన్నడాలు. శిథిలాల కింద చిక్కుకున్న మనిషి వాక్యాలు మాట్లాడడు కదా. గోడ మీద రాయితో కొడతాడు, గొంతు ఉన్నంతసేపు అరుస్తాడు. ఆ చప్పుళ్ళ మచ్చులు ముందే పెట్టుకుని వాటితో పోల్చి వెతుకుతుంది వాళ్ళ యంత్రం.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఈ ప్రదర్శనలు చూసి, రేపో మాపో ప్రతి విపత్తు చోటా డ్రోనులు గొంతులు పట్టుకుని మనుషుల్ని తవ్వి తీయిస్తాయని అనుకోవడం తొందరపాటు. ప్రదర్శనలో పిలిచేవాడు ఒంట్లో ఓపిక ఉన్నవాడు, ఈల కూడా ఊదగలడు. మూడు రోజులు ఇటుకల కింద ఉన్నవాడి మూలుగు వేరు. పైగా కాంక్రీటు సందుల్లోంచి బయటికొచ్చే ధ్వని తిన్నగా రాదు. మనిషి ఒకచోట ఉంటే, పిలుపు పక్క కన్నంలోంచి వస్తుంది. డ్రోన్ ఎంత కచ్చితంగా చూపించినా అది కన్నాన్నే చూపిస్తుంది. తవ్వాల్సిన చోటు ఇంకెక్కడో ఉంటుంది. నా మటుకు నాకు, ఎగురుతూ వినడం కంటే ఎగిరి వెళ్ళి వాలి, మోటార్లు కట్టేసి, నిశ్శబ్దంగా కూర్చుని వినే డ్రోన్ మేలనిపిస్తుంది. మనిషి ఎక్కలేని మిద్దె అంచు మీద వాలి ఒక్క నిమిషం విని మళ్ళీ లేస్తే చాలు. వాలడానికి చోటు లేని వరద నీళ్ళ మీదా, కూలడానికి సిద్ధంగా ఉన్న కట్టడాల మీదా మాత్రం ఎగురుతూ వినే విద్యే గతి.

రెక్కల గొడవే లేకుండా ఆకాశంలో వినే మార్గం ఇంకొకటి ఉంది, అది బెలూన్. బెలూన్ గాలితోపాటే కొట్టుకుపోతుంది కాబట్టి దాని మైకుకి గాలి తగలదు. మోటారు లేదు, బుస లేదు. 2019 జూలైలో కాలిఫోర్నియాలో రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర వరసగా భూకంపాలు వచ్చినప్పుడు, నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ, కాల్‌టెక్ శాస్త్రజ్ఞులు పల్చటి ప్లాస్టిక్ బెలూన్లు చేసి, లోపల బొగ్గుపొడి చల్లి ఎగరేశారు. నల్లటి పొడి ఎండకి వేడెక్కితే లోపలి గాలి తేలికై బెలూన్ లేస్తుంది. ఆ నెల 22న వచ్చిన ఒక చిన్న ప్రకంపనం ధ్వనిని, మన చెవికి అందనంత లోగొంతుకలో ఉన్నదాన్ని, ఆ బెలూన్ మీది పరికరాలు పట్టుకున్నాయి. నేల కంపిస్తే పైన గాలిలో విన్నారన్న మాట. వాళ్ళ కన్ను నిజానికి శుక్రగ్రహం మీద ఉంది. ఆ గ్రహం నేల మీద దించిన యంత్రాలు వేడికి గంటో రెండు గంటలో బతికి చస్తాయి. మేఘాల దగ్గర తేలుతూ వింటే శుక్రుడి భూకంపాల సంగతి తెలుస్తుందని ఆశ. బెలూన్ల విద్య మనకి కొత్తేమీ కాదు; హైదరాబాదులో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థవారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పరిశోధన బెలూన్లు ఎగరేస్తూనే ఉంది.

చిన్న డ్రోనులకి చెవులు మరో పనికీ వస్తాయి. స్విట్జర్లాండ్‌లో లొసాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంవాళ్ళు 27 గ్రాముల బుల్లి డ్రోనుకి నాలుగు మైకులూ ఒక బజరూ తగిలించారు. బజరు కూత గోడకి తగిలి వెనక్కి వస్తే, గోడ ఎంత దూరమో డ్రోన్ కనుక్కుంటుంది. కెమెరా పనిచేయని చీకట్లో గబ్బిలం చేసే పనే. గబ్బిలానికి మాత్రం ఫ్యాన్లు లేవు, అదృష్టవంతురాలు.

ఇదే రొద తలకిందులుగా ఉపయోగపడిన సంగతి యుక్రెయిన్ యుద్ధంలో చూశాం. అక్కడ స్తంభాలకి మైకులు కట్టి, పైన పోయే దాడి డ్రోనుల మోత విని దారి కనిపెట్టే వల ఒకటి దేశమంతా పరిచారు. దాదాపు పదివేల మైకులని 2024లో అమెరికా సైనికాధికారి ఒకాయన చెప్పారు. తన చప్పుడు దాచుకోలేని యంత్రానికి ఆ చప్పుడే పట్టిచ్చే ఆనవాలు.

వినే డ్రోన్ అనగానే మీలో కొందరికి ఇంకో అనుమానం వచ్చి ఉంటుంది. మన డాబా మీద మనం చెప్పుకునే మాటలు పైనుంచి వింటే? ప్రస్తుతానికి మన కాపలా ఆ రొదే చేస్తోంది. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్. 32 మీటర్ల ఎత్తున 30కి దిగిపోతుంది. అరుపుకే దిక్కులేని చోట గుసగుసల సంగతి అడగాలా? కాని ఎగరకుండా గోడ మీద వాలి కూర్చున్న డ్రోనుకి ఈ లెక్క వర్తించదు. మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనలు బరువుని బట్టి తరగతులు చేశాయి, ఎక్కడ ఎగరవచ్చో రంగులు వేసి పటాలు గీశాయి. చెవుల సంగతి కూడా ఎప్పుడో ఒకప్పుడు పట్టించుకోక తప్పదు.

మన దగ్గర దీని అవసరం ఎక్కడుందంటే, నాకు వెంటనే తట్టేది 2024 సెప్టెంబర్. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులు వీధులే మునిగినప్పుడు, పడవలు పోలేని సందుల్లోకి డ్రోనులు అన్నం పొట్లాలూ నీళ్ళ సీసాలూ మందులూ మోశాయి. పగలు డాబాల మీద మనుషులు చెయ్యి ఊపితే కనిపిస్తారు. కరెంటు లేని రాత్రి, కిటికీ దగ్గర నిలబడి పిలిచే ముసలమ్మ కెమెరాకి కనిపించదు. వేడిని చూసే కెమెరాలు ఉన్నాయి గాని, గోడ వెనకున్న మనిషి వేడి వాటికి దొరకదు. పిలుపు మాత్రం కిటికీలోంచి బయటికొస్తుంది.

అందుకే ఈ మాట వింటున్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకి ఒక పని చెప్పాలని ఉంది. హార్క్ అందరికీ అందుబాటులో ఉంది. ఎనిమిది మైకుల డ్రోనుతో ఫ్రాన్స్‌లో ఇన్రియా సంస్థ చేసిన డ్రెగన్ అనే రికార్డింగుల భండారం కూడా అంతే. 2019లో ప్రపంచమంతా విద్యార్థుల జట్లకి పెట్టిన పోటీలో ఇచ్చిన లెక్క కూడా ఇదే, డ్రోనుకి కట్టిన మైకులతో పిలుపు ఎటుందో చెప్పమని. లేనిది మన పిలుపుల భండారం. మనవాళ్ళు ఆపదలో ఎలా పిలుస్తారు? 'ఓయ్' అని సాగదీస్తారు, 'అమ్మా' అంటారు, 'ఎవరన్నా ఉన్నారా' అంటారు, పళ్ళెం మీద గరిటెతో కొడతారు. పిల్లల గొంతు, ఆడవాళ్ళ గొంతు పైస్థాయిలో ఉంటాయి కాబట్టి రొదలోంచి కొంత తేలికగా బయటపడాలి. లోగొంతుక మగవాళ్ళు, ఇందాకటి గువ్వలాగా, ఎక్కువ ఇబ్బంది పెట్టాలి. నిజమో కాదో కొలిచి చూడండి.

మీ ఊళ్ళో మందు కొట్టే డ్రోన్ ఎవరిదో ఉంటే, అనుమతి ఉన్న చోట, ఆ కుర్రాణ్ణి బతిమాలి ఓ సాయంత్రం తీసుకెళ్ళండి. ఒకసారి ట్యాంకు నిండా నీళ్ళతో, ఒకసారి ఖాళీగా ఎగరేయించండి. పిలిచేవాళ్ళని పది మీటర్ల దగ్గర, ఇరవై దగ్గర, నలభై దగ్గర, గోడ వెనక కూడా నిలబెట్టండి. ఎవరు ఎక్కడి నుంచి ఎప్పుడు పిలిచారో రాసిపెట్టండి. డ్రోన్ దాచుకునే మోటారు వేగాల చిట్టా కూడా అడిగి తీసుకోండి. బయల్దేరే ముందు మాత్రం రికార్డరు గడియారాన్నీ డ్రోన్ గడియారాన్నీ కలుపుకోవడం మరిచిపోకండి. రెండింటికీ సగం సెకను తేడా వచ్చినా, ఏ మోత ఏ మోటారుదో తర్వాత తేల్చడం ఎవరి తరమూ కాదు. కుదరకపోతే మైకు దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టి, అదే క్షణంలో డ్రోన్‌ని చేత్తో ఒక్క కుదుపు కుదపండి. చిట్టాలో కుదుపు, రికార్డింగులో చప్పట్లు రెండూ పడతాయి. అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టొచ్చు.